లోవలక్ష్మి వంత

ముందు గొంతు కింద తడి ఊరుతుంది.

ఆ తర్వాత ఊపిరి తనంతట తానే నిండుతుంది. ఛాతీ కాస్త లేస్తుంది. పెదాలు విడిపోతాయి. ఎక్కడో ఎవరో ఒక మాటను పైకి తీసుకెళ్లి, సాగదీసి, ఇంకా సాగదీసి… వదిలేస్తారు. వదిలేసిన చోట ఒక ఖాళీ మిగులుతుంది.

ఆ ఖాళీ కనబడితే లోవలక్ష్మికి ప్రాణం ఆగదు.

మెట్టుగూడలో సాయంత్రం అంటే ఆ ఖాళీలే. రైల్వే క్వార్టర్ల అవతల మసీదులో అజాన్. వెనక సందులో చర్చి పాటల ప్రాక్టీసు. మూల మీద రామాలయంలో పారాయణం. మధ్య మధ్య రైలు కూతలు, కుక్కరు కూతలు. ఇంతమంది ఇన్ని గొంతులతో దేవుణ్ని పిలుస్తుంటే, ఈవిడ మాత్రం డాబా మీద బట్టలు మడతపెడుతూ, పళ్లు బిగించుకుని నిలబడుతుంది. ఏళ్ల తరబడి అంతే.

అంత బిగబట్టుకోవడం దేనికి, హాయిగా ఓ పాట పాడుకోవచ్చు కదా అంటారు ఎవరైనా. అక్కడే ఉంది అసలు తంటా.

ఆమెకు పాట మొదలుపెట్టడం రాదు.

వంత ఒక్కటే వచ్చు.

తుని దగ్గర పల్లెలో, రామకోవెల అరుగు మీద, శనివారం భజన. ఆమె తండ్రి నూకయ్య పాడేవాడు. పాడేవాడంటే — చరణమంతా పాడి, చివరి మాట దగ్గరికి వచ్చేసరికి ఠక్కున ఆగిపోయేవాడు. ఆ మాట తనది కాదన్నట్టు. అది కూతురిది. ఆ ఒక్క మాటా ఆమె అందుకోవాలి, ఎత్తాలి, గాలిలో నిలబెట్టాలి, ఈలోగా ఆయన ఊపిరి పీల్చుకుని తర్వాతి చరణం తేవాలి.

“నానొగ్గీసిన కాడ నువ్వట్టుకోవాలమ్మీ” అనేవాడు. “నేదంటే పాట కింద పడిపోద్ది.”

ఆయన వదిలింది తను పట్టుకోవడం, అంతే ఆమె చదువు. అందులో ఏ పొరపాటూ లేదు. ఎవరు ఎంత ఎత్తున వొగ్గేసినా అంతే ఎత్తున పట్టుకునేది. పెద్దవాళ్లు కూడా ఆ పిల్ల వంత కోసం భజనకు వచ్చేవారు. కానీ ఒంటరిగా పాడమంటే… నోరు పెగలదు. ఎవరూ వదలకుండా తను దేన్ని అందుకుంటుంది?

పెళ్లై సికింద్రాబాద్ వచ్చింది. భర్త రమణబాబు కార్ఖానా ఏరియాలో లిఫ్టులు బాగుచేసే కంపెనీలో మెకానిక్కు. నెమ్మదస్తుడు. పాటల గొడవ తెలియదు. లిఫ్టు ఎందుకు ఆగిందో చెప్పగలడు గానీ, పక్కనే ఉన్న మనిషి ఎందుకు ఆగిపోయిందో అడగడు.

రామాలయానికి వెళ్లింది. అక్కడ వీరరాఘవమ్మగారు సహస్రనామం చెప్పిస్తారు. తెనాలి వైపు మనిషి, గంట కొట్టినట్టుండే గొంతు, తప్పు పలికితే కళ్లజోడు మీదుగా ఒక చూపు. అందరూ కలిసి, ఒకే జోరున, ఎక్కడా ఆగకుండా. మంచి పారాయణమే. ఎవరూ కాదనరు. కానీ దాంట్లో ఖాళీ ఏదీ? ఊపిరి కూడా ఒకళ్ల తర్వాత ఒకళ్లు దొంగచాటుగా తీసుకుంటారు. లోవలక్ష్మి అందులో కూర్చుని పెదాలు కదిపేది. కదులుతున్న రైల్లో ఎక్కడ ఎక్కాలో తెలియనట్టు ఉండేది ఆమెకు.

చర్చికీ వెళ్లింది ఒకసారి. ఎదురింటి మార్త తీసుకెళ్లింది, క్రిస్మస్ పాటల ప్రాక్టీసుకు. పాట నేర్పించే ఆలిస్ టీచర్ రెండు చేతులూ పైకెత్తి, పాటను ఎక్కడికో తీసుకెళ్లి, గుప్పిట మూసింది. అందరూ టక్కున ఆపేశారు.

లోవలక్ష్మి దృష్టిలో అది ఆపడం కాదు. వొగ్గీడం.

అందుకుంది.

ఆ పెద్ద హాల్లో ఒక్క గొంతు. తిన్నగా వెళ్లి పైకప్పుకు తగిలి తిరిగి వచ్చింది. ఒకళ్లిద్దరు నవ్వారు. ఆలిస్ టీచర్ నవ్వలేదు, చాలా మర్యాదగా చెప్పింది — చెయ్యి ఇట్ల మూస్తే ఆపమని అక్కా. సరేనంది లోవలక్ష్మి. మళ్లీ వెళ్లలేదు. మార్త ఎన్నిసార్లు పిలిచినా చీరలు ఉతకాలనో, చుట్టాలు వస్తున్నారనో చెప్పింది. ఏ చుట్టాలూ రాలేదు.

ఇక మిగిలింది మసీదు.

అక్కడ ఆమె ఎప్పుడూ అడుగుపెట్టలేదు. పెట్టాలనుకోనూ లేదు. కానీ అజాన్ ఇచ్చే జహంగీర్ సాబ్ గొంతు మాత్రం రోజూ డాబా మీదికి వస్తుంది. ముసలి గొంతు. ఎండిన గొంతు. పైకి వెళ్లేకొద్దీ సన్నగా చీలుతుంది. ఒక మాట పైకెత్తుతాడు. నిలబెడతాడు. నిలబెట్టి…

వొగ్గేస్తాడు.

ఎంత సుబ్బరంగా వొగ్గేస్తాడు! సరిగ్గా ఒక వంత పట్టేంత ఖాళీ. తర్వాత ఇంకో మాట. మళ్లీ ఖాళీ. నూకయ్య పోయాక అంత శుభ్రంగా వదిలేవాడు ఆమెకు ఈ ఊళ్లోనే కాదు, ఎక్కడా తగల్లేదు. తగిలినవాడు ఇలా అందుకోకూడని చోట తగిలాడు. ఖర్మ కాకపోతే ఏమిటిది.

రోజూ గొంతు లేచేది. రోజూ మింగేది.

ఇంతలో కార్తీకం వచ్చింది. రామాలయం కమిటీ వాళ్లు మొట్టమొదటిసారి ఏకాహం పెట్టారు. పొద్దు పొడుపు నుంచి మర్నాటి పొద్దు పొడుపు దాకా రామనామం. ఒక క్షణం కూడా తెగకూడదు. ఒక వరస వాళ్లు నామం ఎత్తుతారు, వదులుతారు. రెండో వరస వాళ్లు అందుకుంటారు. పట్టుకోవడంలో ఆలస్యమైతే నామం తెగినట్టే, పూజ చెడినట్టే.

అందుకునేవాళ్లు కావాలి.

ముందుగా పెట్టిన ప్రాక్టీసులో వీరరాఘవమ్మగారు నామం ఎత్తితే, అందుకోబోయిన ఆడవాళ్లందరూ సగంలో జారిపోయారు. వెనక నుంచి లోవలక్ష్మి పట్టుకుంది. ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుని చూశారు. “ఇన్నాళ్లూ ఏం చేస్తున్నావమ్మా ఇక్కడ కూర్చుని” అన్నారు.

పెదాలు కదుపుతున్నానండి అని చెప్పలేదు లోవలక్ష్మి. సంతోషం పట్టలేక తల ఊపింది.

ఆ వారం మనిషి మనిషి కాదు. పెరుగు మానేసింది. మిరియాల పాలు తాగింది. రమణబాబు టిఫిన్ డబ్బా కడుగుతూ చెయ్యి ఆపి, లేని చరణానికి చివరి మాట కోసం ఎదురుచూసింది. గొంతుకు ఏళ్ల నాటి తాళం ఊడింది. ఊడిన తాళం ఎక్కడ వేయాలో ఆమెకు గుర్తు లేదు.

అదే తప్పైంది. తప్పంటే… తప్పనే అందాం. ఊరంతా అన్నది అదే కదా.

ఆ సాయంత్రం డాబా మీద భర్త చొక్కా మడతపెడుతోంది. జహంగీర్ సాబ్ మాట ఎత్తాడు. పైకి తీసుకెళ్లాడు. సాగదీశాడు. వదిలాడు.

అందుకుంది.

మాట కాదు. మాట ఆమెకు తెలియదు కూడా. ఆ మాట చివర వేలాడుతున్న నాదం ఒక్కటే — అదే ఎత్తున, అదే చీలికతో — పట్టుకుని నిలబెట్టింది. ఆయన ఊపిరి పీల్చుకున్నంత సేపూ నిలబెట్టింది. తర్వాతి మాట వచ్చింది. దింపి ఆయన చేతిలో పెట్టింది.

అప్పుడు గాని తెలియలేదు తను ఏం చేసిందో. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కింద బజ్జీల బండివాడు గరిటె పట్టుకుని పైకి చూస్తున్నాడు. ఎదురు బాల్కనీల్లో తలలు. ఎవరి చేతిలోనో ఫోను.

మర్నాటికి వీడియో ఊరంతా తిరిగింది. ఒక గ్రూపులో — అజాన్‌ను వెక్కిరించిన ఆడది. ఇంకో గ్రూపులో — గుళ్లో పారాయణం, డాబా మీద అజాన్, ఈవిడ ఎప్పుడు మతం మారింది? ఒకే వీడియో. ఒకే చొక్కా చేతిలో. రెండు వైపులా తిట్లు.

రమణబాబుకు కంపెనీలో ఎవరో చూపించారు. ఇంటికొచ్చి ఫోను ఆమె ముందు పెట్టాడు.

ఆమె వంగి చూసింది. చెవి దగ్గర పెట్టుకుంది. మళ్లీ పెట్టుకుంది. అందులో ఎవడో డప్పుల మ్యూజిక్ కలిపాడు. దడదడ తప్ప ఏమీ వినబడదు. తను నోరు తెరిచి నిలబడి ఉంది, అంతే. జీవితంలో మొదటిసారి తన వంత తను వినొచ్చనుకుంది.

“నా గొంతేదీ ఇందులో” అంది.

“అదా నీ బాధ?” అన్నాడు రమణబాబు. “అక్కడ అందరూ నన్ను ఏమడుగుతున్నారో తెలుసా నీకు?”

తెలియదు. అతనికీ ఆమె ఏమడుగుతోందో తెలియదు. ఇద్దరూ అన్నం తిని పడుకున్నారు.

కమిటీ వాళ్లు ఆమెను గుడి మండపంలో కూర్చోబెట్టారు. ప్రెసిడెంటు రామభద్రరావుగారు, వీరరాఘవమ్మగారి భర్త. మందుల హోల్‌సేల్ వ్యాపారం. చెడ్డ మనిషి కాదు. ఆయన ఇబ్బందంతా మొహంలోనే ఉంది. చాలాసేపు గొంతు సవరించుకుని, ఆఖరికి అడిగారు.

“అసలు నువ్వు ఎవరికి వంత పాడుతున్నావమ్మా?”

ఆ ప్రశ్న వినగానే లోవలక్ష్మి మొహం విచ్చుకుంది. అమ్మయ్య. ఇన్ని రోజులకు ఒక్కరైనా అడగాల్సింది అడిగారు.

“ఆ మసీదాయనకేనండి” అంది.



ఆయన అడిగింది, నువ్వు ఏ పక్షమని. ఆవిడ చెప్పింది, పాట ఎవరు వదిలారో. వంత అనే మాట ఒక్కటే. దాన్ని ఊరంతా దెప్పడానికి వాడుతుంది. చెంచాగిరీకి వంత, తానతందానకి వంత. ఆమెకు మాత్రం వంత అంటే వంతే. నిజంగా పాడేవాళ్లకు ఆ మాటతో ఎంత కష్టం వస్తుందో ఎవరికి పట్టింది?

“ఆయన వొగ్గేశాడండి, నేను అందుకున్నాను” అని ఇంకా వివరంగా చెప్పింది పాపం. చెప్పినకొద్దీ మునిగింది.

వీరరాఘవమ్మగారు ఆమెను స్తంభం పక్కకు తీసుకెళ్లారు. భుజం మీద చెయ్యి వేశారు.

“పొరపాటున వచ్చిందని ఒక్క మాట అనవే తల్లీ. మైకులో కాదు, ఇక్కడే, వీళ్ల ముందు. ఏకాహంలో నీ చోటు నీకే ఉంచుతాను. నాకు నీ వంత కావాలి.”

ఒక్క మాట. దానికేం, అనేయొచ్చు. అంటే ఏకాహం దక్కుతుంది. ఒక పగలు, ఒక రాత్రి, నోరారా, గొంతారా, అందరి ముందు అందుకోవడం — దానికోసమే కదా ఇన్నేళ్లూ పళ్లు బిగించింది. నోరు తెరిచింది కూడా.

ఆ మాట రాలేదు.

పొరపాటంటే చోటు తప్పాలి. చరణం మధ్యలో దూరాలి. తనకు తెలిసినంత వరకు అదే పొరపాటు. మిగతావన్నీ వీళ్ల గొడవలు.

“శ్రుతి తప్పానేమో గానండి… చోటు తప్పలేదు” అంది.

ఆవిడ చెయ్యి భుజం మీద నుంచి తీసేశారు.

ఒళ్లు మండిపోయేది అక్కడే. ఎందుకు పాడావు, ఎవరు పాడించారు, ఎవరి మనిషివి — వీధి వీధంతా అడిగింది. ఎలా పాడావు అని అడిగినవాడు ఒక్కడు లేడు. కలిసిందా? ఆ పైచీలిక పట్టుకోగలిగిందా? దించేటప్పుడు వణికిందా? అది తెలియక ఆమెకు నిద్ర లేదు. ఇంతమంది చెవులు పెట్టుకుని విన్నారు గాని, పాట మాత్రం ఒక్క చెవిలోనూ పడలేదు.

ఒక్కడికి తెలిసి ఉండాలి. వదిలినవాడికి.

మార్తను తోడు తీసుకుని మధ్యాహ్నం మసీదు గేటు దాకా వెళ్లింది. “గిట్ల పోతే మళ్ల ఎవడన్నా వీడియో తీస్తడక్కా” అని మార్త గొణుగుతూనే వచ్చింది. గేటు పక్క నీడలో జహంగీర్ సాబ్ మొక్కలకు నీళ్లు పోస్తున్నాడు. గొంతుతో పోలిస్తే మనిషి చాలా చిన్నవాడు.

ముందు క్షమించమంది. ఆయన మగ్గు కింద పెట్టి వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. అప్పుడు అడిగింది. ఆ రోజు నా గొంతు మీ గొంతుతో కలిసిందా సాబ్?

ఆయన ఆమె వంకా, మార్త వంకా చూశాడు.

“నేను ఇనలే బేటీ.”

ఆమెకు అర్థం కాలేదు.

“అజా ఇచ్చేటప్పుడు రెండు చెవులల్ల వేళ్లు పెట్టుకుంటం. గట్లనే ఇయ్యాలె. నా గొంతు లోపల్నించి నాకు ఇనవడతది. బయటిదేం ఇనవడది.” తన చూపుడు వేళ్లు రెండూ చూపించాడు, సాక్ష్యానికన్నట్టు. “మా కమిటోళ్లు సుత వచ్చి అడిగిండ్రు. నువ్వు ఇని ఎందుకు ఆపలేదని పరేషాన్ చేసిండ్రు. ఇన్నది ఉంటే కదా.”

లోవలక్ష్మి గేటు చువ్వ పట్టుకుంది.

ఆయన మెల్లగా అన్నాడు — “ఇది పాట గాదు బేటీ. ఆ సందు ఊపిరి కోసమే గాదు, జవాబు కోసం. ఇన్నోళ్లందరు జవాబు చెప్తరు. గానీ మెల్లగ. ఎవరిది వాళ్లు, నోట్లనే.”

అంటే ఖాళీ ఉంది. జవాబు కోసమే ఉంది. ఇన్నేళ్లూ ఆమె విన్నది అబద్ధం కాదు. ఆ వీధిలో ఎంతోమంది రోజూ అందుకుంటూనే ఉన్నారు — చప్పుడు లేకుండా. ఆమెకు సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. చప్పుడు లేకుండా అందుకోవడం ఆమెకు ఎవరూ నేర్పలేదు.

దారిలో మార్త ఏదో చెబుతూనే ఉంది. ఆమె వినలేదు.

ఏకాహం రోజు తెల్లవారుతూనే మైకు మొదలైంది. లోవలక్ష్మి ఇంట్లోనే ఉంది. గిన్నెలు తోమింది. తోమినవి మళ్లీ తోమింది. పొద్దున బాగానే సాగింది. మధ్యాహ్నానికి అందుకునే గొంతులు బొంగురుపోయాయి. సాయంత్రం దీపాల వేళ దగ్గరపడేసరికి ఇంకా పలచబడ్డాయి. కార్తీకం కదా, ఎవరింట్లో దీపం వాళ్లు పెట్టుకోవాలి. నామం ఎత్తుతున్నారు, వదులుతున్నారు, అవతల ఎవరో చివర్లో ఈడ్చుకుంటూ పట్టుకుంటున్నారు. జారుతోంది. వంటింట్లో నిలబడ్డ ఆమె చెయ్యి ప్రతిసారీ గట్టు మీద పడుతోంది.

తలుపు దగ్గర ఝాన్సీలక్ష్మి. వీరరాఘవమ్మగారి కోడలు. పరిగెత్తుకుంటూ వచ్చినట్టుంది.

“ఆంటీ, అత్తయ్య రమ్మన్నారు. మైకు మాత్రం ఇవ్వరట… వెనక వరసలో కూర్చోండి. కొంచెం అందుకోండి ఆంటీ. తెగిపోయేలా ఉంది.”

వెనక వరస. మైకు లేదు. పొరపాటు మాట అడగలేదు, అక్కర్లేదనీ అనలేదు. అవసరం పడింది, అంతే. ఇంకొకరైతే తలుపు వేసేసేవారు. ఆమె చేతులు కడుక్కుని, కొంగు బిగించుకుని వెళ్లింది. ఒట్టి పిచ్చిది.

వెనక వరసలో, స్తంభం పక్కన కూర్చుంది. వీరరాఘవమ్మగారు నామం ఎత్తారు. వదిలారు.

అందుకుంది.

మండపం లేచి కూర్చున్నట్టైంది. అలసిన ఆడవాళ్లు ఆ గొంతు పక్కన తమ గొంతు ఆనించుకున్నారు. వీరరాఘవమ్మగారు ఇంకాస్త ఎత్తున వదిలారు. అక్కడా పట్టుకుంది. ఇంకా పైన. అక్కడా. ఆవిడ కళ్లు మూసుకున్నారు. చాలాకాలానికి లోవలక్ష్మి పళ్లు వదులయ్యాయి. అలా కాసేపు సాగింది.

పొద్దు కుంకింది.

ఆ వీధిలో ఒక ఒప్పందం ఉంది. అజాన్ వేళకు గుడి మైకు ఆపేస్తారు. నామం తెగకూడదు గనుక మైకు లేకుండా, నోటితో, మెల్లగా పాడుతూనే ఉంటారు. మైకు మనిషి స్విచ్చి తీశాడు. మండపంలో గొంతులు ఒక్కసారిగా చిన్నవైపోయాయి.

వీరరాఘవమ్మగారు నామాన్ని పైకి తీసుకెళ్లారు.

క్వార్టర్ల అవతల జహంగీర్ సాబ్ మాటను పైకి తీసుకెళ్లాడు. చెవుల్లో వేళ్లు పెట్టుకునే ఉంటాడు.

ఇద్దరూ సాగదీశారు. ఇద్దరూ నిలబెట్టారు. ఒకే చోట, ఒకే ఎత్తున…

వదిలేశారు.

ఆమె గొంతు కింద తడి ఊరింది. ఊపిరి నిండింది. పెదాలు విడిపోయాయి.

అప్పుడు చూసింది. ముందు వరస ఆడవాళ్లు వెనక్కి తిరిగి ఉన్నారు. పక్కవాళ్లు ఆమె వైపు తిరిగి ఉన్నారు. ఝాన్సీలక్ష్మి తిరిగి ఉంది. గేటు దగ్గర రామభద్రరావుగారు మెడ చాచి చూస్తున్నారు. అందరి కళ్లూ ఆమె నోటి మీదే. దేన్ని అందుకుంటుందో చూద్దామని.

చూడ్డంలో పడి, నామం అందుకోవాల్సినవాళ్లు ఒక్కరూ అందుకోలేదు.

పాడండే, నన్ను చూడ్డం మానేసి పాడండే అని అరవాలనిపించింది ఆమెకు. అరవలేదు. ఆమె ఏ శబ్దం చేసినా, అది ఇద్దరిలో ఎవరికి జవాబో వీళ్లే తేలుస్తారు. నోరు తెరిచే ఉంది. నిండిన ఊపిరి నిండినట్టే ఉంది.

పొద్దుటి నుంచి మొదటిసారి, ఆ గుళ్లో ఏ చప్పుడూ లేదు.